మెచ్చుమాటకు తెలుగు పేర్లు: పలుకువానిని తెలుపు పదములు

ఒక గ్రంథమునుగాని, ఒక వస్తువునుగాని, ఒక విద్యాసంస్థనుగాని నాలుగైదు వాక్యములలో వర్ణించి, చదువువానికి దానియందు కోరిక కలిగించు చిన్న రచన నేడు ప్రతి భాషలోను కనిపించుచున్నది. ఆంగ్లమున దీనికి 'బ్లర్బ్' అను పేరు స్థిరపడినది. తెలుగున దీనినేమనవలెనను ప్రశ్న అనువాదకులకును, పారిభాషికపదములు కూర్చువారికిని తరచుగా ఎదురగుచుండును. ముందుమాట, మున్నుడి, పరిచయము, అభిప్రాయము, ప్రశంస, ప్రకటన, అట్టవెనుక మాట అని పదములు పెక్కులున్నవి. కాని వానిలో ఏ యొక్కటియు ఆంగ్లపదము చెప్పు అర్థమంతటిని వ్యాపింపదు. ఇది భాషయొక్క పేదరికమని కొందరి తలంపు. అట్లు కాదని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. తెలుగు ఇట్టి రచనలను వాని నిడివినిబట్టికాని, అవి అచ్చయిన చోటునుబట్టికాని వేరుచేయలేదు. పలుకువాడెవడు, ఆ మాట పలుకుటకు అతనికి గల అధికారమెట్టిది, అతడెవరితో పలుకుచున్నాడు అను మూడు విషయములనుబట్టి వేరుచేసినది. ఆ విభాగమును చెరిపివేసి ఒక్క పదము కల్పించినచో మనకు ఒక పేరు లభించును, ఒక వివేకము నశించును.

సౌలభ్యము కొరకు ఈ జాతి రచనలన్నిటిని కలిపి ఈ వ్యాసమున 'మెచ్చుమాట' అని వ్యవహరింతును.

1. ఒకే పదము, వేరువేరు అర్థములు

ఈ విచారమునకు ఢిల్లీలోని కరోల్ బాగు తగిన క్షేత్రము. కొత్త ఢిల్లీ నిర్మాణమునకై కొన్ని పల్లెలను ఖాళీ చేయించినప్పుడు, అచ్చటివారు పలువురు 1920 ప్రాంతములలో ఇచ్చట నివాసమేర్పరచుకొనిరి. 1947లో దేశవిభజన జరిగిన పిదప పశ్చిమ పంజాబునుండి వచ్చిన కాందిశీకులు దీనిని పెద్ద వర్తకస్థానముగా మార్చిరి. కేంద్రప్రభుత్వోద్యోగములకై వచ్చిన దాక్షిణాత్యులును ఇచ్చట కాపురములు పెట్టిరి. ఇటీవలి దశాబ్దములలో ఈ పేట, దీనిని ఆనుకొనియున్న పాత రాజేంద్రనగరుతో గూడి, సివిల్ సర్వీసు పరీక్షలకు శిక్షణనిచ్చు సంస్థలకు కూడలియైనది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములనుండి వచ్చిన విద్యార్థులును ఈ వీథులలో గదులు అద్దెకు తీసికొని చదువుచున్నారు. వారి కంటికి అడుగడుగున తగులునవి మెచ్చుమాటలే. గోడలమీద, గుడ్డలమీద, స్తంభములమీద, చేతికిచ్చు కాగితములమీద హిందీలోను ఆంగ్లములోను వ్రాసిన పొగడ్తలు వారిని పలుకరించుచుండును.

తెలుగు విద్యార్థి ఇచ్చట మొదట తడబడు పదము 'విజ్ఞాపన్'. హిందీలో దీనికి వర్తకుని ప్రకటన అని అర్థము. వంగభాషలోను అంతియే. తెలుగున విజ్ఞాపనమనగా మనవి, అర్జీ. ప్రజలు మంత్రికి సమర్పించునది విజ్ఞాపనపత్రము. వర్తకుడు గోడకంటించునది కాదు. సంస్కృతధాతువు ఒక్కటే, 'తెలియజేయుట' అను మూలార్థమును ఒక్కటే. కాని సంస్కృతప్రయోగమున క్రిందివాడు పైవానికి వినయముతో తెలుపుట అను ఛాయ కలదు. తెలుగు ఆ ఛాయను నిలుపుకొన్నది, హిందీ విడిచినది. పలుకువాని స్థానమును తెలుగు మరువలేదనుటకు ఇది మొదటి నిదర్శనము.

వర్తకుని ప్రకటనకు ఇతర భాషలలో గల పేర్లను గూడ చూడదగును. తెలుగు 'ప్రకటన' అనగా వెల్లడిచేయుట. మరాఠీ 'జాహిరాత్', కన్నడ 'జాహీరాతు' అను పదములు అరబ్బీ మూలమునుండి వచ్చినవి. వానికిని కంటికి కనబడునట్లు చేయుట అనియే అర్థము. మలయాళ 'పరస్యము' బహిరంగముచేయుట. తమిళ 'విళంబరము' పదిమందికి చాటుట. ఉర్దూ 'ఇష్తిహార్' ప్రసిద్ధినొందించుట; 'షొహ్రత్' అను కీర్తివాచకము పుట్టిన ధాతువే దీనికిని మూలము. మన పల్లెలలో వినబడు 'చాటింపు', 'దండోరా' అను మాటలును ఈ తెగలోనివే. ఈ పదములలో ఏ యొక్కదానికిని 'పొగడుట' అని అర్థము లేదు. పని పొగడ్తయే అయినను, పేరు మాత్రము వెల్లడి, చాటింపు, తెలియజేత అనియే. పొగడ్తను పొగడ్త యని పిలుచుటకు భారతీయభాషలు ఏల సంకోచించినవి?

2. తన్ను తాను పొగడుకొనరాదను నియమము

ఈ సంకోచమునకు కారణము మన సంప్రదాయమునందే దొరకును. మహాభారత కర్ణపర్వమున ధర్మరాజు కోపించి గాండీవమును మరియొకనికిమ్మని అర్జునునితో పలుకును. అట్లు పలికినవానిని చంపుదునని అర్జునుని ప్రతిజ్ఞ. పెద్దలను నిందించుట వారిని చంపుటతో సమానమని చెప్పి కృష్ణుడు ఆ ప్రతిజ్ఞను మాటతోనే తీర్పించును. పిదప పశ్చాత్తాపముతో అర్జునుడు తన్ను తాను చంపుకొనబోగా, తన గుణములను తాను పొగడుకొనుట ఆత్మహత్యతో సమానము, అట్లు చేయుమనును. ఆత్మస్తుతిపై ఇంతకంటె కఠినమైన తీర్పు సాహిత్యమున అరుదు.

తమిళ వ్యాకరణమైన 'నన్నూలు' ఈ నియమమును గ్రంథరచనకు అన్వయించినది. పవణంది ముని 13వ శతాబ్దమున రచించిన ఈ గ్రంథము 'పాయిరము'తో, అనగా పీఠికా లక్షణముతో, ఆరంభమగును. పాయిరమునకు ఏడు పేర్లు చెప్పి, గ్రంథకర్త ఎంత నూతనవిషయమును కనిపెట్టినను తన్ను తాను పొగడుకొనుట తగదని శాసించినది. మరి పాయిరమును ఎవరు చెప్పవలెను? కర్తయొక్క గురువు, సహాధ్యాయి, శిష్యుడు, తగిన వ్యాఖ్యాత: ఈ నలుగురు. ఆత్మస్తుతికి మినహాయింపులును నాలుగు చెప్పినది. రాజసభకు వ్రాసికొనునప్పుడు, తన శక్తి ఎరుగనివారి యెదుట, వాదమున జయింపవలసినప్పుడు, పరులు తన్ను తూలనాడినప్పుడు అది తప్పు కాదు. మెచ్చుమాటను పలుకు అర్హత ఎవరిదో సూత్రీకరించిన శాస్త్రభాగమిది. మన చర్చకు మూలకందము వంటిది.

తెలుగు కవులు ఇట్టి సూత్రము వ్రాయలేదు గాని, కావ్యనిర్మాణముననే ఉపాయము కల్పించుకొనిరి. అవతారికయందు ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద జరిగిన పిమ్మట, కృతిపతి కవిని సభకు పిలిపించి, అతని ప్రతిభను కొనియాడి కృతి నడుగును. మనుచరిత్రావతారికలో పెద్దనను ప్రశంసించువాడు కృష్ణదేవరాయలు. పద్యము పెద్దనది, నోరు రాయలది. ఆశ్వాసాంతగద్యమున కవి తన వంశమును, బిరుదమును చెప్పుకొనును. తిక్కనకు 'ఉభయకవిమిత్ర', పోతనకు 'సహజపాండిత్య' అను విశేషణములు అచ్చటివే. ఇవి నేటి అట్టవెనుక వ్రాయు కర్తృపరిచయమునకు పూర్వరూపములు, మిక్కిలి పొదుపైనవి. ఇక ఫలశ్రుతి మరియొక విధము. గజేంద్రమోక్షము చివరనున్న ఫలశ్రుతి కవిని పొగడదు, కావ్యశైలిని పొగడదు. విన్నవానికి కలుగు మేలును చెప్పును. చెప్పువాడును కవి కాదు, కథను వినిపించు పౌరాణికుడు. వస్తువును గాక దానివలన కొనువానికి కలుగు ప్రయోజనమును చెప్పవలెనని నేటి వర్తకప్రకటనలు రచించువారు నేర్చికొను పాఠము మన పురాణములలో ఎంత పాతదో గమనింపదగును.

జానపదుని నుడికారమును ఈ తీర్పునే చెప్పును. తన్ను పొగడుకొనువాడు 'సొంతడబ్బా' కొట్టుకొనుచున్నాడందురు. ఒకనిని కూలికి పొగడువాడు 'బాకా ఊదుచున్నాడు', 'డప్పు కొట్టుచున్నాడు'. ఇవి యన్నియు మ్రోగు వస్తువుల పేర్లు. మాట పోయి శబ్దము మిగిలినదని ఎత్తిపొడుపు.

3. అచ్చు వచ్చిన తరువాత

ముద్రణయుగమున గ్రంథమునకు ముందును వెనుకను చేరు రచనలు పెరిగినవి. వానికి తెలుగున ఏర్పడిన పేర్లను పలుకువానిని బట్టి మూడు తెగలుగా విడదీయవచ్చును.

మొదటి తెగ గ్రంథకర్తయో ప్రకాశకుడో చదువరితో పలుకునది: విన్నపము, మనవి, విజ్ఞప్తి, నివేదన. ఈ పదములన్నియు తగ్గియుండి పలుకువాని మాటలు. తన గ్రంథమును గూర్చి తానే చెప్పువాడు తలవంచి చెప్పవలెనని ఈ పేర్ల సారాంశము.

రెండవ తెగ పరులు పలుకునది: అభిప్రాయము, ఆశీస్సు, పరిచయము, ప్రశంస. ఆశీస్సు పెద్దవానిది, పరిచయము సమానునిది, అభిప్రాయము విద్వాంసునిది. గత శతాబ్దపు పూర్వార్ధమున వెలువడిన గ్రంథములలో 'పండితాభిప్రాయములు' అను శీర్షికక్రింద పేరు, ఊరు, బిరుదము సహితముగా లేఖలను అచ్చువేయుట పరిపాటి. 'ప్రశంస' అను పదము ప్రత్యేకముగా గమనింపదగినది. హిందీలో 'ప్రశంసా' అనగా పొగడ్త మాత్రమే. తెలుగున దానికి ప్రస్తావము అను అర్థమును కలదు. ఒక విషయము మాటలలో వచ్చినప్పుడు 'ఆ ప్రశంస వచ్చినది' అందుము. పేరెత్తుటయే పొగడ్తలో సగమని ఈ భాషకు తెలియునేమో.

మూడవ తెగ ఎవరు పలికినను చెల్లునది: పీఠిక, ఉపోద్ఘాతము, భూమిక, మున్నుడి, తొలిపలుకు, ముందుమాట. ఇవి స్థానమును చెప్పునుగాని వక్తను చెప్పవు. అందుచేతనే వీని క్రింద సంతకము తప్పనిసరియైనది.

ఈ తెగలలో దేనికిని చెందక, వానిపై వ్యాఖ్యవలె నిలిచినది 'యోగ్యతాపత్రము'. శ్రీశ్రీ 'మహాప్రస్థానము' 1950లో గ్రంథరూపమున వెలువడినప్పుడు దానికి చలము వ్రాసిన పీఠిక పేరిది. యోగ్యతాపత్రమనగా అధికారి క్రిందివానికి ఇచ్చు కచ్చేరికాగితము. కవిత్వమునకు అర్హత నిర్ణయింప ఒక అధికారి కావలెనా యను ప్రశ్నను ఆ పేరే లేవనెత్తును. పండితాభిప్రాయముల వాడుక బలముగానున్న కాలమున ఆ ఎత్తిపొడుపు చదువరులకు సులభముగా అందియుండును. పేరు పలుకువాని అధికారమును చెప్పుననుటకు ఇంతకంటె మంచి దృష్టాంతము లేదు.

ఇదే కాలమున వర్తకప్రకటనయు సాహిత్యమును ఒకే పుటలోనికి వచ్చినవి. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనమును నెలకొల్పి, 1908లో అచ్చటనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించెను. 1914లో అది మద్రాసునుండి దినపత్రికయైనది. 1924లో భారతి మాసపత్రిక వెలువడినది. లోధ్ర ఔషధమును ప్రసిద్ధము చేసిన కె. ఎన్. కేసరి గృహలక్ష్మి పత్రికను నడపెను. తలనొప్పి మందు, స్త్రీల మందు తెచ్చిన ధనము తెలుగు సాహిత్యపత్రికలను పోషించినది. అయినను ఔషధమును గూర్చిన మాట 'ప్రకటన' గాను, గ్రంథమును గూర్చిన మాట 'అభిప్రాయము', 'సమీక్ష' గాను వేరుగానే నిలిచినవి. ధనమిచ్చి వేయించిన మాటకును, చదివి చెప్పిన మాటకును గల భేదమును పేరే కాపాడినది.

4. పొరుగుభాషల పదములు: అనువాదకునికి హెచ్చరిక

భారతీయభాషలలో ఈ పదములు చాలవరకు సమానరూపములు. ప్రమాదమంతయు అందుననే యున్నది.

తెలుగున అవతారిక కవి స్వయముగా చెప్పునది. మలయాళమున అవతారిక సాధారణముగా మరియొకరు వ్రాయు పీఠిక. కర్త తాను వ్రాయునది ఆముఖము. మలయాళగ్రంథపు అవతారికను తెలుగున 'అవతారిక' యనియే నిలిపినచో, ఇతరుని పొగడ్త కర్తయొక్క ఆత్మస్తుతిగా మారును. నిరపరాధి యైన రచయితకు దోషమంటును. హిందీలో గ్రంథమును గూర్చి విద్వాంసులు చెప్పు మాటలు 'సమ్మతి'. తెలుగున సమ్మతి యనగా ఒప్పుకోలు. ఇంకొక వైపు తెలుగు 'అభిప్రాయము' హిందీలో 'అభిప్రాయ్' గా వ్రాయబడినచో ఉద్దేశము, తాత్పర్యము అను అర్థము కలుగును.

తమిళము వక్తృభేదమును మిక్కిలి స్పష్టముగా పాటించినది. కర్త చెప్పునది ఎన్నురై, ప్రకాశకుడు చెప్పునది పదిప్పురై, ఇతరుడు మెచ్చి చెప్పునది అణిందురై, విమర్శకుడు చెప్పునది మదిప్పురై. పేరు చదివిననే పలుకువాడు తెలియును. కన్నడమునందు కర్త మనవికి 'అరికె', ముందుమాటకు 'మున్నుడి' ఉండగా, అట్టవెనుక మాటకు 'బెన్నుడి' అను సొంపైన దేశ్యపదము వాడుకలో నున్నది. మున్నుడి ముందు, బెన్నుడి వెనుక. తెలుగున వెన్ను, నుడి రెండును ఉన్నవి గనుక 'వెన్నుడి' అనుట సులభము, శ్రావ్యము. కాని అది చోటును మాత్రమే చెప్పును. వెన్నుపై పలికినదెవరో చెప్పదు.

5. బ్లర్బ్ కథ

ఆంగ్లపదముయొక్క పుట్టుక ఈ సందర్భమున తలచదగినది. వాల్ట్ విట్మన్ 1855లో తన కవితాసంపుటిని ప్రకటింపగా, ఎమర్సన్ దానిని మెచ్చుకొని ఒక ఉత్తరము వ్రాసెను. 1856 నాటి రెండవ ముద్రణమున విట్మన్ ఆ ఉత్తరములోని ఒక వాక్యమును, ఎమర్సన్ పేరుతో, గ్రంథపు వెన్నుపై బంగారు అక్షరములతో అచ్చువేయించెను. ఎమర్సన్ అనుమతిని అడుగలేదు. ఆంతరంగికమైన లేఖ ఆ విధముగా బహిరంగప్రకటనయైనది. మెచ్చినవాడు నిజముగా మెచ్చినను, ఆ మెప్పును వినియోగించుట వేరు విషయమని అప్పుడే తెలియవచ్చినది.

బ్లర్బ్ అను మాట పిదప అర్ధశతాబ్దమునకు, 1907లో, పుట్టినది. అమెరికా గ్రంథవిక్రేతల విందునకు జెలెట్ బర్గెస్ అను హాస్యరచయిత తన పుస్తకమునకు ఒక ప్రత్యేకపు అట్ట వేయించి, దానిపై బెలిండా బ్లర్బ్ అను కల్పితయువతి గొంతెత్తి అరచుచున్నట్లు బొమ్మ నిలిపెను. అతిస్తుతిని పరిహసించుటకు పుట్టిన పేరు క్రమముగా పరిహాసమును కోల్పోయి పుస్తకవర్తకుల పారిభాషికపదమైనది. మన 'డబ్బా' యు పరిహాసపదమే. కాని అది నేటికిని పరిహాసముగానే నిలిచినది. ఏ ప్రకాశకుడును తన గ్రంథముపై 'డబ్బా' యని శీర్షిక పెట్టడు గదా!

6. పేరులేని పొగడ్త

ఈ భేదములు పండితుల వినోదమునకు మాత్రమే కావు. కరోల్ బాగు వీథులలో తెలుగు విద్యార్థి చదువు మెచ్చుమాటలలో ప్రధానమైనది పరీక్షలో నెగ్గినవాని చిత్రము, పేరు, స్థానము. ఆ చిత్రము క్రింద మాట తక్కువ, సూచన ఎక్కువ: ఇతడు మావలన నెగ్గెను. ఈ మాట ఎవరిది? చిత్రము విద్యార్థిది, పలుకు సంస్థది. నోరు ఒకరిది, మాట మరియొకరిది. పెద్దన పద్యమునకు రాయల నోరు దొరికినట్లు ఇచ్చటను జరిగినది. కాని అచ్చట అది ఎల్లరెరిగిన కావ్యసమయము, ఇచ్చట తల్లిదండ్రుల ధనమును, యువకుని యేండ్లను పణముగా పెట్టించు వ్యవహారము.

ఈ చిక్కును చట్టము గుర్తించినది. 2019 వినియోగదారుల రక్షణ చట్టముననుసరించి ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ 2022 జూన్‌లో తప్పుదోవ పట్టించు ప్రకటనలను గూర్చియు, 2024 నవంబరు 13న ప్రత్యేకముగా శిక్షణసంస్థల ప్రకటనలను గూర్చియు మార్గదర్శకసూత్రములను వెలువరించినది. నెగ్గిన విద్యార్థి పేరును, చిత్రమును, మాటను వాడుకొనుటకు అతని వ్రాతపూర్వకమైన సమ్మతి కావలెను. ఆ సమ్మతియు అతడు ఎంపికైన పిదప పొందినదై యుండవలెను. అతడు చదివిన పాఠక్రమమేది, ఎంతకాలము, రుసుము చెల్లించి చదివెనా లేదా అనునది చిత్రముతోపాటు తెలుపవలెను. కొన్ని దినముల ఉచిత మౌఖికపరీక్షాభ్యాసమునకు వచ్చినవానిని పూర్తిగా తమ విద్యార్థియని పెక్కు సంస్థలు చాటుకొనుట ఈ నియమమునకు కారణము. విట్మన్ ముద్రించిన ఉత్తరమునకు లోపించినది ఏదియో, ఈ సూత్రములు కోరునది అదియే.

హిందీ సమ్మతికిని తెలుగు సమ్మతికిని గల భేదము ఇచ్చట అక్కరకు వచ్చును. మెచ్చినవాని మాట ఒకటి, ఆ మాటను వాడుటకు అతని ఒప్పుకోలు మరియొకటి. రెండింటికి ఒకే పదము వాడిన అనువాదము చదువరికి కావలసిన రక్షణనే మరుగుపరచును.

7. సూచన

కావున ఒక్క పదముకొరకు వెదకుట మాని, ఉన్న పదములను నియతార్థమున వాడుట మేలు. అట్టవెనుక నుండు రచనకు స్థానవాచకముగా 'వెన్నుడి'ని స్వీకరింపవచ్చును. దాని లోపల ముత్తెరగుల భేదమును పాటింపవలెను. గ్రంథవిషయమును మాత్రము తెలుపునది 'గ్రంథపరిచయము'. పేరు గల విద్వాంసుడు చెప్పినది 'అభిప్రాయము'. దాని క్రింద పేరును, ఎచ్చటినుండి గ్రహింపబడినదియు ఉండవలెను. సంతకము లేని పొగడ్త ఎవరిదని అడిగిన, అది ప్రకాశకునిదే. దానికి 'ప్రకాశకుని మాట' యని పేరుపెట్టుట న్యాయము. అమ్మువాడు తన సరకును మెచ్చుకొనుట నేరము కాదు. మరియొకని గొంతుతో మెచ్చుకొనుట నేరము.

అనువాదకులు మలయాళ అవతారికను కర్తృనామముతో గూడిన మున్నుడిగాను, హిందీ సమ్మతిని అభిప్రాయముగాను, హిందీ విజ్ఞాపనమును ప్రకటనగాను మార్చుట ఉచితము. నిఘంటుకర్తలు ఈ పదములకు అర్థము వ్రాయునప్పుడు 'ఎవరు పలుకునది' అను వివరమును చేర్చినచో, పదమునకు పర్యాయపదము చూపుటకంటె ఎక్కువ ఉపకారము కలుగును. ఇతర భారతీయభాషల విద్వాంసులు తమ తమ భాషలలోని ఇట్టి పదములను వక్తృభేదమునుబట్టి కూర్చి ప్రకటించినచో తులనాత్మకపరిశీలనమునకు దారి ఏర్పడును. ఆ పని ఒక్కరివలన అయ్యెడిది కాదు, పలువురు పూనుకొనదగినది.